మండలానికొక కారకుడు

కర్రి పరదేశికి లోకంలో ఎవరి మీదా పగ లేదు, బావమరిది విల్లూరి జగ్గారావు మీద తప్ప. ఆ ఒక్క పగనీ మాత్రం చెరకు మడికి నీళ్లు కట్టినంత శ్రద్ధగా పెంచుకుంటూ వచ్చాడు.

మొదట్లో అది గట్టు తగువు. వెదుళ్లపాలెం రోడ్డు పక్కన పరదేశి మడీ, జగ్గారావు మడీ ఆనుకుని ఉంటాయి. నడుమ ఒక గట్టు. ఆ గట్టుతో కలిపి తన మడి ఎకరంన్నర అంటాడు పరదేశి. గట్టు తనదనీ, అది తీసేస్తే బావది ఎకరం పావుకి కూడా తూగదనీ అంటాడు జగ్గారావు. సర్వేయర్ని పిలిచి గొలుసు వేయిస్తే పూటలో తేలిపోయే సంగతే. తేలిపోతే ఆ తరవాత మాట్లాడుకోడానికి ఏముంటుందని కాబోలు, ఇన్నేళ్లూ ఇద్దరిలో ఒక్కరూ పిలవలేదు. పరదేశికి ఉన్నదల్లా ఆ మడీ, దాని పక్కనే బెల్లం వండుకునే గానుగ. ఆ రెండిటి మీదే ఇల్లు గడిచేది.

గట్టు సంగతి పరదేశి ఎప్పుడో ఓనాడు మరిచిపోయేవాడే. జాబితాలో తన పేరెక్కించిన సంగతి మాత్రం కాటికెళ్లినా మరిచిపోడు.

అది బెల్లం వండే కాలం. పెనంలో పాకం కుతకుత ఉడుకుతోంది. పిప్పి మంటకి పొగ లేచి తాటి చెట్ల మీంచి వెళ్తోంది. గానుగ దగ్గరికి వచ్చిన వాణ్ణి ఉత్త నోటితో పంపకూడదని వాళ్ల తాతల నాటి కట్టడి. శత్రువైనా సరే, చెరకు ఆకు మీద ఇంత వేడి పాకం పోసి చేతిలో పెట్టాల్సిందే. అందువల్ల పెనం ఎక్కించిన పూట ఊళ్లో సగం మంది అక్కడే ఉంటారు. జగ్గారావు అయితే, గట్టు మీద ఎంత తగువాడినా, పాకం వేళకి ఆకు పట్టుకుని హాజరు.

అప్పుడొచ్చింది జీపు. అందులోంచి డాక్టర్ భావనారాయణ గారు దిగారు. ఆయన మందులిచ్చే డాక్టరు కాదు. మానవ కారణాల సామాజిక అధ్యయన సంస్థకి ఉపసంచాలకుడు. వెనక ఇద్దరు సహాయకులు, ఒక మగాయన, ఒక ఆడావిడ.

భావనారాయణ గారు గొంతు సవరించుకుని అన్నారు. "మా సంస్థ పదకొండేళ్ల పాటు అవిశ్రాంతంగా శ్రమించి, వాతావరణ మార్పుకు మూలకారణం మానవుడే అని నిర్ధారించింది."

"ఏ మానవుడండీ?" అన్నాడు ముసలి గంగునాయుడు, ఆకు నాకుతూ.

"సరిగ్గా ఇదే ప్రశ్న ప్రభుత్వం వారు కూడా లేవనెత్తారు!" అని డాక్టరు గారు సంబరపడ్డారు. "మేము మానవాళి అని రాసి పంపాం. ఫైలు వెనక్కి వచ్చింది. మానవాళికి ఇంటి నంబరు లేదు, ఆధార్ లేదు. నోటీసు ఏ తలుపుకి అంటించాలి? అందుచేత మండలానికి ఒక కారకుణ్ణి గుర్తించి, వారి జాబితా సమర్పించవలసిందిగా ఉత్తర్వులు వెలువడ్డాయి."

ఆయన చాలా చెప్పారు గానీ, అక్కడున్న వాళ్లకి చెవిలో పడింది ఒక్కటే మాట. జాబితా.

వెదుళ్లపాలెంలో జాబితా అంటే ఏమిటో డాక్టరు గారికి తెలీదు. అక్కడ జాబితాలో పేరుంటే ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి వస్తుంది. గేదె రావచ్చు, టార్పాలిన్ రావచ్చు, ఒకసారి ప్లాస్టిక్ కుర్చీలు కూడా వచ్చాయి. దేనికని అడిగిన వాడు వెనకబడి పోతాడు.

"బాబూ, నా పేరు రాసుకోండి! నా ట్రాక్టరు పొగ సూత్తే మీకే తెలుస్తాది!" అని ఒకడు ముందుకొచ్చాడు.

"ఆడి ట్రాక్టరు కదిలితే గదా పొగ!" అన్నాడు గంగునాయుడు. "నా సుట్ట పొగ రాసుకోండి. పదేళ్లప్పుడు మొదలెట్టాను, నేటిదాకా ఆరిందే లేదు."

భావనారాయణ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఎన్నో మండలాలు తిరిగారట. ఎక్కడికెళ్లినా నేను కానంటే నేను కానని జనం పారిపోయారట. ఇంతటి సామాజిక బాధ్యత ఆయన ఎక్కడా చూడలేదట.

అప్పుడు జగ్గారావు పరదేశి చెవి దగ్గర చేరాడు. "బావా, సూత్తా నిలబడ్డావేటి? పేరెక్కించుకో."

"నువ్వెక్కించుకోరాదేటి?"

"నా పేరు గేదెల జాబితాలో ఉంది కదా. రెండిట్లో ఉంటే రెండూ కొట్టేత్తారు. లేకపోతే ఇలాటిది నీకొదుల్తానేటి నేను?"

అది నిజమే. జగ్గారావు వదలడు. వదిలిన వాడు అక్కడితో ఆగకుండా ఎలుగెత్తి అరిచాడు. "అయ్యా! ఈ పరదేశి బావ పొగ ముందు ఎవరి పొగైనా దిగదుడుపే! తాత నాటి నించీ ఈళ్లింటిది పొగేనండి!"

పరదేశికి రోషం వచ్చింది. తన పొగ గురించి బావమరిది చెప్పడమేమిటని తనే అందుకున్నాడు. "తాత కాదండి, ముత్తాత నించీ. మా పొగ పక్క మండలం దాకా పోద్ది. అక్కడోళ్లు మా పొగ సూసి, పరదేశి పెనం ఎక్కించాడు అని సెప్పుకుంటారు."

"అద్భుతం!" అన్నారు డాక్టరు గారు. "తరతరాల వారసత్వం, సరిహద్దులు దాటిన ప్రభావం, చుట్టూ సమాజ సమీకరణ. అన్ని ప్రమాణాలూ ఒకే వ్యక్తిలో!"

గంగునాయుడు చుట్ట తీసి ఊరి చివరకి చూపించాడు. అక్కడ రంగుల కర్మాగారం తాలూకు మూడు గొట్టాలు ఆకాశంలోకి నల్లగా కక్కుతున్నాయి. "మరి ఆ గొట్టాలోడి మాటేటండీ?"

డాక్టరు గారు జాలిగా నవ్వారు. "పెద్దాయనా, ఉత్తర్వులో మానవ కారణం అని విస్పష్టంగా ఉంది. కర్మాగారం మానవుడు కాదు. అది లిమిటెడ్ కంపెనీ."

"దానికి ఓనరుంటాడు కదండీ?"

"ఉంటారు. వారు మానవులే. కానీ ఈ మండల నివాసి కారు."

అలా పరదేశి ఎంపికయ్యాడు. డాక్టరు గారికీ, సహాయకులకీ కట్టడి ప్రకారం ఆకుల్లో పాకం పోశాడు. వాళ్లు రెండోసారి కూడా పోయించుకున్నారు.

నెల తిరక్కుండా పరదేశి ఇంటి గోడకి పసుపు రంగు రేకు బోర్డు కొట్టారు. కర్రి పరదేశి, వాతావరణ మార్పు కారకుడు, వెదుళ్లపాలెం మండలం అని. పరదేశి దానికి బొట్టు పెట్టి దండ వేశాడు. అతని పెళ్లాం సన్యాసమ్మ నడుము మీద చెయ్యేసుకుని చూసింది.

"ఇంతకీ ఏటిత్తారంట?"

"వత్తాది. తొందరెందుకు? జాబితాలో ఉన్నాం కదా."

ముందు సహాయకులొచ్చారు. మగాయనది వినియోగ దృక్పథం. పరదేశి ఎన్ని చొక్కాలు వాడతాడో అడిగాడు. రెండని తెలిసి నిరుత్సాహపడ్డాడు. ఆడావిడది అధికార సంబంధాల దృక్పథం. ఆవిడ సన్యాసమ్మని పక్కకి పిలిచి మెల్లగా అడిగింది.

"మీ ఇంట్లో పొయ్యి ఎప్పుడు వెలిగించాలన్న నిర్ణయం ఎవరు తీసుకుంటారమ్మా?"

"ఆకలేత్తే ఎలిగిత్తాం తల్లీ. దానికి మీటింగెట్టాలేటి?"

ఇద్దరూ అరుగు మీద కూర్చుని, పరదేశి వినియోగం వల్ల కారకుడా, అధికారం వల్ల కారకుడా అని మధ్యాహ్నం దాకా పోట్లాడుకున్నారు. పరదేశికి ముచ్చటేసింది. తన గురించి చదువుకున్న వాళ్లు దెబ్బలాడుకోవడం అతను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

తరవాత జనం రావడం మొదలుపెట్టారు.

ముందొచ్చింది పైడమ్మ. డాబా మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలు అకాల వానకి ముద్దయిపోయాయి. తడిసిన చీరతో సహా తెచ్చి పరదేశి గుమ్మంలో పరిచింది. "ఏరా పరదేశీ, మాఘమాసంలో వానేట్రా? నీకు కళ్లు కనిపించవేట్రా? పప్పు నానబోసేటప్పుడు సెప్పలేకపోయావా?"

"నేనేటి సేశాను పిన్నీ?"

పైడమ్మ బోర్డుకేసి వేలు చూపించింది. "మరదేటి? ఊరికే రాత్తారా గవర్నమెంటోళ్లు?"

పరదేశి తాసిల్దారు దగ్గరికి పరిగెత్తాడు. ఆయన ఎంతో నిదానస్తుడు. అంతా విని, సొరుగులోంచి కాగితాల కట్ట తీసి పరదేశి ముందుకే నెట్టారు.

"మంచిదయ్యా, నువ్వే వచ్చావు. వడగాలి మీద ఫిర్యాదులు ఇవి. ఇవి పొగమంచువి. మామిడి పూత రాలిందని ఇవిగో. ఇన్నాళ్లూ వీటిని ఎవరికి పంపాలో తెలియక సతమతమయ్యేవాణ్ణి. ఇప్పుడు ప్రభుత్వం సమర్థుడైన అధికారిని చూపించింది. తగు చర్య నిమిత్తం నీకే పంపడమైనది."

"నేనేటి సర్య తీసుకుంటానండి బాబూ?"

"అది నీ విచక్షణకు వదిలివేయడమైనది."

ఆ తరవాత పరదేశికి ఊపిరాడలేదు. పెళ్లివారు వచ్చి ముహూర్తానికి వాన పడకుండా చూడమన్నారు. అదే రోజు నారు పోసిన వాళ్లు వచ్చి వాన పడేట్టు చూడమన్నారు. రెండు పక్షాలనీ గుమ్మంలో కూర్చోబెట్టి రాజీ చేసేసరికి పొద్దుపోయింది. మబ్బు పట్టేట్టూ, పడకుండా ఉండేట్టూ ఒప్పందం. చిత్రమేమిటంటే ఆ రోజు సరిగ్గా అలాగే మబ్బు పట్టి ఊరుకుంది.

దాంతో అతని పేరు మారుమోగింది. పై వారం నిజంగానే పెద్ద వాన కురిసింది. ఊరూరి నించీ జనం వచ్చి గానుగ ముందు కొబ్బరికాయలు కొట్టారు. పొయ్యికి పసుపు రాశారు. పరదేశి ఒక చేత్తో చిప్పలేరుకుంటూ రెండో చేత్తో అందరికీ పాకం పోశాడు. ఆ వేళ వండిన బెల్లం దిమ్మ కట్టడానికి మిగల్లేదు.

సన్యాసమ్మ పెనం గీకుతూ అంది. "ఇంట్లో కుండ నింపలేనోడు ఊరికి వాన తెప్పించాడంట. ఇంక రేపట్నించి మన అన్నంలో ఈ మబ్బులే నంజుకుందాం."

ఇంతలో సముద్రంలో తుపాను పుట్టింది. ముందుజాగ్రత్త చర్యల్లో మొదటి చర్యగా పరదేశిని మండలాఫీసుకి తరలించారు. లోతట్టు వాళ్లని తరవాత తరలించారు. కారకుడు అందుబాటులో ఉండాలని తాసిల్దారు గారి ఉద్దేశం. గాలి పెరిగినప్పుడల్లా ఆయన గదిలోకి తొంగి చూసి, "పరదేశీ, ఎలా ఉంది?" అనేవారు. పరదేశి, "కడుపులో కొంచెం ఇదిగా ఉందండి," అనేవాడు. ఆయన అది పై వాళ్లకి ఫోనులో చెప్పేవారు. తుపాను చివరికి పక్క మండలం మీదికి తిరిగిపోయింది. అక్కడి కారకుడు బట్టలు ఇస్త్రీ చేసుకుని బతికే ఒక బక్క మనిషి. అతను బొగ్గుల పెట్టె మోసుకుంటూ పరదేశి ఇంటికొచ్చి, "అన్నా, నీది నా మీదికి తోసేశావేటన్నా, నేను పిల్లలున్నోణ్ణి," అని గొల్లుమన్నాడు. పరదేశి అతనికీ ఆకులో పాకం పోశాడు. ఇద్దరూ కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వుకుని విడిపోయారు.

మర్నాడు పరదేశి పొయ్యి ఆర్పేశాడు. పొగ లేకపోతే బోర్డు పీకేస్తారు గదా అని.

బోర్డు పీకలేదు. జీపు వచ్చింది. భావనారాయణ గారి ముఖం పాలిపోయి ఉంది.

"పరదేశి గారూ, ఏమిటీ ఘోరం? పొయ్యి ఎందుకు ఆర్పారు?"

"అయ్యా, పొగ మానేత్తే లోకానికి మంచిదని మీరే సెప్పారు కదండీ?"

"చెప్పాం. కానీ మా అధ్యయనం దేని మీద? మానవ ప్రవర్తనలో మార్పు తేవడం ఎలా అనే దాని మీద. అది మూడేళ్ల ప్రాజెక్టు. మీరు మొదటి ఏడే మారిపోతే మేము మిగతా రెండేళ్లూ దేన్ని మార్చాలి? మా అనుమతి లేకుండా మీరు మారకూడదు. మీ సహజ ప్రవర్తనలో మీరు కొనసాగాలి. ఇది ఉత్తర్వు."

"సెరకైపోయిందండి. సహజంగా కూడా ఇంకేం లేదు. మళ్లీ పండేదాకా పొయ్యికి సెలవే."

డాక్టరు గారు ఆలోచించారు. సెలవు అనేది ఉత్తర్వులో లేదు. రెండు రోజుల్లో అటవీ శాఖ లారీ వచ్చి కొండ మీద కొట్టిన కర్రలు గానుగ ముందు దింపిపోయింది.

"పెనంలో ఏటి పొయ్యమంటారండి?"

"నీళ్లు పోయండి. మాకు కావలసింది పొగ. బెల్లం మా పరిధిలోకి రాదు."

ఆ వేసవంతా పరదేశి సర్కారు కర్రలతో నీళ్లు కాచాడు. రోళ్లు పగిలే ఎండలో, నిప్పులు కక్కే పొయ్యి ముందు. గానుగ దగ్గరికొచ్చిన వాళ్లని ఉత్త చేతులతో పంపకూడదు కాబట్టి, వచ్చిన వాడికల్లా చెంబుడు వేణ్ణీళ్లు ఇచ్చాడు. జగ్గారావు ఆకు పట్టుకుని వచ్చి, చెంబు చూసి, "ఇదేటి బావా, సచ్చినోడి స్నానానికేటి?" అని తిరిగిపోయాడు.

లారీ మీద లారీ దిగింది. కొండ ఒక పక్క బోడైపోయింది. అప్పుడు లెక్కల వాళ్లొచ్చి పట్టుకున్నారు. వాతావరణం కోసం ఇన్ని చెట్లు కొట్టేశారు, వీటికి బదులు ఎక్కడ పెంచారు అని. డాక్టరు గారు తడుముకోకుండా ఉత్తర్వు తిరగేసి చూపించారు. నష్టం ఏదైనా కారకుడే భరించవలెను. చెట్లు ఎవరి పొయ్యిలో కాలాయి? పరదేశి పొయ్యిలో. పరదేశికి ఏముంది? రోడ్డు పక్క మడి ఉంది. బదులు చెట్లు దాంట్లో పెంచితే సరి.

సంగతి చెవిన పడగానే పరదేశి జీపుకి అడ్డంగా నిలబడ్డాడు. "అయ్యా, ఆ మడి మా అమ్మ నాకిచ్చిందండి. దాంట్లో సెరకేత్తేనే మాకు కూడు. పేరు కొట్టెయ్యండి, బోర్డు పీకేత్తాను, నాకే జాబితా వద్దండి."

"అబ్బే, తొందరపడకండి," అన్నారు డాక్టరు గారు భుజం తట్టి. "మీకు సన్మానం కూడా ఉంది."

సన్మానం బడి ఆవరణలో జరిగింది. షామియానా, శాలువా, పూలూ, మొక్కలూ అన్నీ రంగుల కర్మాగారం వాళ్లవే. పరదేశిని మధ్య కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. జనం చప్పట్లు కొడుతుండగా తాసిల్దారు గారు మైకులో, "కారకుడైన శ్రీ పరదేశి గారు పశ్చాత్తాపంతో, స్వచ్ఛందంగా, తమ భూమిని నలభై ఏళ్ల పాటు వనానికి సమర్పిస్తున్నారు!" అన్నారు.

పరదేశి లేవబోయాడు. శాలువా కప్పుకున్న మనిషి లేస్తే దణ్ణం పెట్టడానికే అనుకుంటారు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

"నలభై ఏళ్లేటండీ, నేనుంటానా?" అన్నాడు చప్పట్ల మధ్యలో.

"మీరు ఉండకపోయినా వాతావరణం ఉంటుంది," అన్నారు భావనారాయణ గారు అతని చెయ్యి పట్టుకుని, గద్గదంగా.

సర్వేయరు వచ్చి గొలుసు వేశాడు. గుంటలు తవ్వారు. సరుగుడు మొక్కలు నాటారు. కొత్త బోర్డు దిగింది. ఈ వనం రంగుల కర్మాగారం వారి కానుక అనీ, చెట్లు పీల్చే పొగంతా వారి ఖాతాలో జమ అనీ దాని మీద రాశారు. గంగునాయుడు అది చదివించుకుని చుట్ట నోట్లోంచి తీశాడు. "కారకుడంటే మనిషే అవాల. దాత మాత్రం ఎవరైనా అవచ్చు కాబోలు," అన్నాడు.

మడి పోయాక చెరకు లేదు. చెరకు లేక పొగ లేదు. దీన్ని విజయగాథ అన్నారు. కారకుడు నివారకుడిగా పరివర్తన చెందాడని డాక్టరు గారు పెద్ద సభలో చదివి సంచాలకుడైపోయారు. పరదేశి గోడ మీది పసుపు బోర్డు పీకేశారు. వెదుళ్లపాలెంలో కారకుడి స్థానం ఖాళీ పడింది. ఈసారి పాత కారకుడు ఎవర్ని సిఫారసు చేస్తే వాళ్లకేనని కబురొచ్చింది.

కబురొచ్చిన పూటే జగ్గారావు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేయించాడు. పరదేశి గానుగలో అటకెక్కించి దాచిన ఆఖరి బెల్లం దిమ్మ చితగ్గొట్టి, చిన్న గిన్నెలో కరిగిస్తున్నాడు.

"బావా, నా గేదెల జాబితా కొట్టేశారు. ఇప్పుడు నాకు ఏ అడ్డూ లేదు."

"అయితే?"

"నీకు సన్మానం సేశారు, శాలువా కప్పారు. నాకో మాట సాయం సెయ్యలేవేటి? నా మడిలో ఊక కాలుత్తాను. ఎంత పొగ కావాలంటే అంత."

సన్యాసమ్మ లోపల్నించి, "ఒరే తమ్ముడా, వద్దురా!" అని కేకేసింది.

"నువ్వూరుకో అక్కా. నీ మొగుడికి పేరొచ్చింది కాబట్టి నాకు రాకూడదు నీకు."

పరదేశి పెళ్లాం వైపు చూశాడు. బావమరిది వైపు చూశాడు. ఏడాదిలో మొదటిసారి అతని కడుపులో చల్లగా అనిపించింది. జగ్గారావు వీపు నిమిరాడు.

"నీకు కాక ఎవరికి సెప్తానురా? నేనే దగ్గరుండి ఎక్కిత్తాను. నువ్వలాగే ఎలుగెత్తి సెప్పాలి మరి, ముత్తాత నించీ పొగేనని."

"ఆ మాత్రం తెలీదేటి!" అన్నాడు జగ్గారావు, కళ్లు మెరుస్తుండగా. పరదేశి చెరకు ఆకు లేక తాటాకు మడిచి, కరిగిన పాకం పోసి చేతిలో పెట్టాడు. జగ్గారావు ఊదుకుంటూ తిన్నాడు. తింటూ తింటూ ఏదో గుర్తొచ్చి ఆగాడు.

"అవునూ బావా, సర్వేయరు గొలుసేశాడు కదా. మన గట్టు సంగతి తేలిందా మరి?"

"తేలింది."

"ఎవరిదన్నాడు?"

"నాదే. రాసిచ్చాడు కూడా."

జగ్గారావు మొహం కాస్త చిన్నబోయింది. "పోన్లే, నువ్వన్నట్టే అయింది. ఎకరంన్నర ఉందా మరి?"

"లేదు," అన్నాడు పరదేశి, గిన్నె అడుగు వేలితో నాకి. "గట్టుతో కలిపి పోయింది, ఎకరం ముప్పయ్యేడు సెంట్లు."